గ్రహణం కోసం నడక: ఆగస్టు 12 సాయంత్రం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. ఆదోనిలో అధ్యాపకురాలిగా పనిచేస్తున్న మీరూ, బ్యాంకు ఉద్యోగి అయిన మీ వారూ 2026 ఆగస్టు 12న స్పెయిన్‌లో పట్టే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడాలనుకుంటున్నారు. అదీ కమీనో దే సంతియాగో యాత్రికుల దారిలో నడుస్తూ చూడాలని. జూలై 30 నుంచి ఆగస్టు 22 వరకు సెలవు ఖాయమైంది. ఫ్రాన్సు సరిహద్దు నుంచి మొదలుపెట్టి రోజుకు ముప్పై అయిదు కిలోమీటర్లు నడిచి, ఆ దారి ముగిసే పుణ్యక్షేత్రం సంతియాగో దాకా వెళ్లాలనీ, గ్రహణం వేళకు ఎక్కడుంటే అక్కడే చూడాలనీ మీ పథకం. మీ అత్తగారేమో గ్రహణం పూట ఆరుబయట ఉండకూడదంటున్నారు.

కాగితం మీద మీ లెక్క బాగానే కుదురుతుంది. ఆ దారి పొడవు దాదాపు 780 కిలోమీటర్లు. ఆగస్టు 1న బయలుదేరితే 12వ తేదీకి మీరు సాహాగూన్ అనే ఊరి దగ్గర ఉంటారు, అది సంపూర్ణ గ్రహణం కనిపించే పట్టీలోనే ఉంది. కానీ పన్నెండు రోజుల పాటు విరామం లేకుండా రోజుకు ముప్పై అయిదు కిలోమీటర్లు నడిచిన మనిషి రాత్రి ఎనిమిదిన్నరకు ఆకాశం వైపు కాదు, మంచం వైపు చూస్తాడు. మధ్యలో ఒక్క రోజు మడమ బొబ్బ ఎక్కినా, కడుపు పాడైనా మొత్తం పథకం పక్కకు జరుగుతుంది. గ్రహణం మాత్రం ఒక్క సెకను కూడా జరగదు. అందుకే నడక పథకాన్ని మొదటి రోజు నుంచి ముందుకు వేయకండి. ఆగస్టు 12, బుధవారం, స్పెయిన్ గడియారం ప్రకారం రాత్రి 8 గంటల 29 నిమిషాల ప్రాంతం. అక్కడ మేకు కొట్టి, వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

మొదట నీడ ఎటు పోతుందో చూద్దాం. ఆ రోజు చంద్రుడి నీడ రష్యా ఉత్తరపు కొసన మొదలై గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ పడమటి అంచు మీదుగా అట్లాంటిక్ దాటి స్పెయిన్ ఉత్తర తీరాన్ని తాకుతుంది. అక్కడి నుంచి దేశాన్ని ఏటవాలుగా కోసుకుంటూ వెళ్లి మధ్యధరా సముద్రంలోని మయోర్కా దగ్గర సూర్యాస్తమయంతో ముగుస్తుంది. సంపూర్ణ గ్రహణం అన్నిటికంటే ఎక్కువసేపు ఉండేది ఐస్‌లాండ్ పక్క సముద్రంలో, 2 నిమిషాల 18 సెకన్లు. స్పెయిన్‌లో ఒవియెదోలో నిమిషం 48 సెకన్లు, లెయోన్, బుర్గోస్ రెండింటిలోనూ నిమిషం 44 సెకన్ల చుట్టుపక్కల. బిల్బావోలో అర నిమిషమే. మాడ్రిడ్, బార్సిలోనా రెండూ ఈ పట్టీకి బయటే. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, మీ గమ్యమైన సంతియాగో కూడా బయటే. కొద్దిలో తప్పిపోయింది. ‘తొంభై తొమ్మిది శాతం కదా, చాలదా’ అని ఎవరైనా అంటే నమ్మకండి. మిగిలిన ఆ ఒక్క శాతం సూర్యుడు పగటి వెలుగును పోనివ్వడు, కరోనా, అంటే సూర్యుడి చుట్టూ ఉండే తెల్లటి వెలుగు వలయం, కనిపించదు, గ్రహణ అద్దాలు తీయడానికి వీలుండదు. 99కీ 100కీ మధ్య తేడా గ్రహణాల విషయంలో ఒక శాతం కాదు, మొత్తం ఆటే.

మీ అదృష్టం ఏమిటంటే కమీనో దారిలో బుర్గోస్ నుంచి లెయోన్ వరకు ఉన్న దాదాపు 180 కిలోమీటర్లూ నీడ పట్టీ నడుమకు దగ్గరగా ఉన్నాయి. దీన్ని మెసేటా అంటారు. ఎనిమిది వందల మీటర్ల ఎత్తున పరుచుకున్న పీఠభూమి. ఆగస్టుకు గోధుమ కోతలు అయిపోయి మోళ్లు మిగిలి ఉంటాయి. కనుచూపు మేర చెట్టు ఉండదు. చాలామంది యాత్రికులు ఈ భాగం విసుగని బస్సెక్కి దాటేస్తారు. ఆలూరు, పత్తికొండ వైపు ఎండాకాలం పొలాల గట్ల మీద నడిచిన వాళ్లకు అక్కడ కొత్త అనిపించదు, విసుగూ అనిపించదు. నాకైతే ఆ దారి మొత్తంలో అదే ఇష్టమైన భాగం. గ్రహణానికి మాత్రం ఆ బోడి నేలే వరం, ఎందుకంటే ఈసారి సూర్యుడు బాగా కిందికి దిగి ఉంటాడు.

ఇది చాలామంది పట్టించుకోని సంగతి. బుర్గోస్ ప్రాంతంలో సంపూర్ణ గ్రహణం వేళకు సూర్యుడు దిగంతానికి దాదాపు తొమ్మిది డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగించి, పిడికిలి అడుగు భాగాన్ని దిగంతానికి ఆనించండి. పిడికిలి పై అంచు సుమారు పది డిగ్రీలు. సూర్యుడు మీ పిడికిలి వెనకే దాగి ఉంటాడన్నమాట. ఒక రెండంతస్తుల ఇల్లు, ఒక వరుస చెట్లు, ఒక చర్చి గోపురం అడ్డొస్తే చాలు. ఉత్తరాన పర్వతాల మధ్య లోయల్లో ఉన్న ఊళ్లకు నీడ ఎక్కువసేపు ఉన్నా సూర్యుడు కొండ వెనక్కి పోయే ప్రమాదముంది. పైగా ఆ తీరం మబ్బులకు పేరుపడింది. దిక్కు కూడా గుర్తుంచుకోండి, సరిగ్గా పడమర కాదు, అక్కడి నుంచి పన్నెండు డిగ్రీలు ఉత్తరానికి. కమీనో తూర్పు నుంచి పడమటికి నడిచే దారి కాబట్టి పొద్దున్నంతా ఎండ వీపు మీద ఉంటుంది, గ్రహణం ఎదురుగా వస్తుంది.

నన్నడిగితే మీరు ఆ సాయంత్రం ఉండవలసిన చోటు కాస్త్రోహెరీస్. బుర్గోస్ నుంచి రెండు రోజుల నడక, నలభై కిలోమీటర్లకు కాస్త పైన. కొండ మీద పాడుబడిన కోట, కొండ మొదట్లో కిలోమీటరుకు పైగా సాగిన సన్నటి ఊరు. ఊరు దాటాక పడమట ఒక గట్టు అడ్డంగా లేస్తుంది, పేరు ఆల్తో దె మోస్తెలారెస్. తెల్లమట్టి దారి దాని మీదికి నిటారుగా ఎక్కుతుంది. దూరం నుంచి చూస్తే భయం వేస్తుంది గానీ ఎక్కేది నూట నలభై మీటర్ల ఎత్తే, అరగంట చాలు. పైన యాత్రికులు సేదతీరే చిన్న పందిరి ఉంది. చాలామంది అక్కడే కూలబడతారు. మీరు ఆగకండి. పైభాగం బల్లపరుపుగా ఉంటుంది, దాన్ని దాటి అవతలి అంచుకు వెళ్లండి. అక్కడ దారి మళ్లీ దిగడం మొదలయ్యే చోట పడమటి మైదానమంతా కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. ఆ అంచు మీద నిలబడితే సూర్యుడికి అడ్డు ఏమీ ఉండదు, చంద్రుడి నీడ వాయవ్యం నుంచి పొలాల మీదుగా పరుగెత్తుకు రావడం కూడా కనిపిస్తుంది. ఊళ్లో ఉండి చూసినా సూర్యుడు కనిపిస్తాడు, ఇళ్ల గోడలు అడ్డం రాకపోతే. నీడ రాక మాత్రం కనిపించదు.

ఒక రోజు ముందే అక్కడికి చేరమంటున్నాను. 11వ తేదీ సాయంత్రం అదే సమయానికి గట్టు ఎక్కి చూడండి. ఒక్క రోజులో సూర్యుడి స్థానం కంటికి తెలిసేంతగా మారదు. ముందు రోజు 8:29కి ఎక్కడుంటాడో మర్నాడూ దాదాపు అక్కడే ఉంటాడు. ఎక్కడ కూర్చోవాలో, గాలి ఎటు నుంచి కొడుతుందో, చీకట్లో దిగేటప్పుడు ఏ రాళ్లు జారతాయో అన్నీ తెలిసిపోతాయి. ఇంతకంటే మంచి రిహార్సల్ లేదు, ఖర్చూ లేదు.

ఇక మబ్బు. నడిచే వాడికి గ్రహణం విషయంలో ఉన్న పెద్ద బలహీనత ఇదే. కారున్న వాడు రెండు వందల కిలోమీటర్లు పక్కకు జరగగలడు, మనం జరగలేం. 2009 జూలై 22 గ్రహణం గుర్తుందా? బీహార్‌లోని తారేగ్నా అత్యుత్తమ స్థలమని శాస్త్రవేత్తలూ, పత్రికల వాళ్లూ, జనమూ వేలల్లో చేరారు. మబ్బు కమ్మేసింది. వారణాసి ఘాట్ల మీద స్నానాలకు వచ్చిన వాళ్లు మాత్రం కరోనా చూశారు. నేను వారణాసిలో ఉన్నాను, నా తెలివి వల్ల కాదు, రైలు టికెట్ అక్కడి దాకే దొరికింది. కాబట్టి 12వ తేదీ పూర్తిగా ఖాళీగా ఉంచండి. ఆ రోజు నడక లేదు. స్పెయిన్ వాతావరణ సంస్థ పేరు ఏమెత్, దాని అంచనాలు 10వ తేదీ నుంచి రోజూ చూడండి. మబ్బు పడమట ఉందా తూర్పున ఉందా అన్నది ముఖ్యం. పడమటి దిక్కు పాడైతే సోరియా, సరగోసా వైపు. తూర్పు పాడైతే పలెన్సియా, వాయదోలీద్, లెయోన్ వైపు. ఇవన్నీ పట్టీలోనివే, బుర్గోస్ నుంచి రైళ్లో బస్సులో ఉంటాయి. కాస్త్రోహెరీస్ నుంచి బుర్గోస్‌కు టాక్సీ మాట్లాడుకోవాలి. నిర్ణయం 12వ తేదీ ఉదయం పదింటికల్లా జరిగిపోవాలి. మధ్యాహ్నం దాటాక రోడ్లు నిండిపోతాయి. ఇంకో మాట, పీఠభూమి మీద మధ్యాహ్నపు వేడికి పుట్టే దూదిపింజల మబ్బులను చూసి కంగారుపడి పరుగెత్తకండి. ఎండ తగ్గేకొద్దీ అవి విడిపోవడం తరచుగా జరిగేదే. భయపడవలసింది పొరలుగా కమ్మే మబ్బుకూ, ఉరుములతో ఎదిగే మబ్బుకూ.

ఇప్పుడు తేదీలు. ఆదోని వాళ్లకు బెంగళూరైనా హైదరాబాదైనా ఒకటే, ఏది చవకైతే అది. జూలై 30 రాత్రి విమానం ఎక్కితే 31న మాడ్రిడ్‌లో దిగుతారు. ఆగస్టు 1న బస్సులో కమీనో దారిలోని లోగ్రోన్యో చేరండి, నడక అక్కడి నుంచి. ఒక రోజంతా విశ్రాంతి, నిద్ర సర్దుకోవాలి. స్పెయిన్ గడియారం వేసవిలో మనకంటే మూడున్నర గంటలు వెనక. 3వ తేదీన నవర్రేతే వరకు పన్నెండు కిలోమీటర్లే నడవండి. మొదటి రోజు ఉత్సాహంతో ఎక్కువ నడిచిన వాళ్లను ఐదో రోజు మందుల షాపు దగ్గర చూడవచ్చు. తర్వాత నాహెరా, సాంతో దొమింగో, బెలొరాదో, శాన్ హువాన్ దె ఓర్తేగా మీదుగా 8వ తేదీకి బుర్గోస్. రోజుకు పదహారు నుంచి ఇరవై ఆరు కిలోమీటర్లు. 9న బుర్గోస్‌లో ఆగండి, అక్కడి కెథెడ్రల్ చూడటానికే ఒక పూట కావాలి. ఆ రోజు నిజానికి విశ్రాంతి కోసం కాదు, దారిలో ఎక్కడైనా ఒక రోజు పోగొట్టుకుంటే పూడ్చుకోవడానికి. 10న ఓర్నియోస్, 11న కాస్త్రోహెరీస్. ఇదే బుర్గోస్‌కు 1905 ఆగస్టు 30 నాటి సంపూర్ణ గ్రహణం చూడటానికి యూరప్ నలుమూలల నుంచి ఖగోళవేత్తలు వచ్చారు. నూట ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత ఆ ఊరికి మళ్లీ ఈ వైభవం.

గ్రహణం తర్వాత రెండు దార్లున్నాయి. 13న ఫ్రోమిస్తా, 14న కర్రియోన్ చేరి, అక్కడి నుంచి బస్సులో లెయోన్ మీదుగా సారియా వెళ్లి, 16 నుంచి ఐదు రోజులు నడిచి 20న సంతియాగో చేరడం ఒకటి. సారియా నుంచి 115 కిలోమీటర్లు. నడిచే వాళ్లు కనీసం వంద కిలోమీటర్లు నడిచి సంతియాగో చేరితేనే కంపోస్తెలా అనే ధ్రువపత్రం ఇస్తారు, యాత్రికుల పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి. ఆగస్టు 15 స్పెయిన్‌లోనూ సెలవు దినమే, ఆ రోజు ప్రయాణపు టికెట్లు ముందే తీసుకోండి. రెండోది, ధ్రువపత్రం ఆశ వదిలి అదే మైదానంలో నింపాదిగా లెయోన్ దాకా నడిచి ముగించడం. సారియా తర్వాత ఆగస్టులో జనం జాతరలా ఉంటారు, అందుకని నేనైతే రెండోదే ఎంచుకుంటాను. అంత దూరం పోయి సంతియాగో చూడకుండా రావడం మీ వారికి నచ్చకపోవచ్చు. ఇంట్లో తేల్చుకోండి. లెయోన్ దాకా నడిస్తే ఒక్క జాగ్రత్త. కర్రియోన్ తర్వాత పదిహేడు కిలోమీటర్లు ఊరు లేదు, నీడ లేదు, నీళ్లు లేవు. మనిషికి రెండు లీటర్లు మోయాలి.

పడకల సంగతి ఈ వారంలోనే తేల్చండి. దారి పొడవునా యాత్రికుల సత్రాలుంటాయి, అల్బెర్గే అంటారు. పురపాలక సంఘాల, చర్చిల సత్రాల్లో చాలావాటిలో ముందస్తు బుకింగ్ ఉండదు, ముందొచ్చిన వాళ్లకు మంచం, ఉండనిచ్చేది ఒక్క రాత్రే. రాత్రి పదింటికి తలుపులు వేసి దీపాలు ఆర్పుతారు. మామూలు రోజుల్లో ఇదే బాగుంటుంది. గ్రహణం రోజుకు పనికిరాదు. ఎనిమిదిన్నరకు గట్టు మీదున్న మీరు చీకట్లో దిగి వచ్చేసరికి తలుపు మూసి ఉంటే ఏమి చేస్తారు? కాబట్టి 11, 12 రెండు రాత్రులకు కాస్త్రోహెరీస్‌లో ప్రైవేటు గది తీసుకోండి. అక్కడ దొరకకపోతే ఓర్నియోస్, ఒంతనాస్, ఫ్రోమిస్తా, కర్రియోన్ ఊళ్లలో అడగండి, గ్రహణ సమయం అన్నిచోట్లా దాదాపు అంతే. ఊరు మారితే పడమటి వైపు తెరపి ఉన్న మోళ్ల పొలమో, గట్టో మీరే వెతుక్కోవాలి. మిగతా రోజులకు సత్రాలు చాలు. మంచం ఎక్కే ముందు పరుపు అంచుల కుట్లు ఎత్తి చూడండి, నల్లులు అక్కడే కాపురం ఉంటాయి.

వీసా దగ్గర ఒక చిక్కుంది. స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రతి రాత్రీ ఎక్కడ ఉంటారో చూపించమంటారు, సత్రాలేమో బుకింగ్ ఇవ్వవు. డబ్బు వెనక్కి వచ్చే షరతుతో ప్రైవేటు గదులు బుక్ చేసి చూపించడం, జతగా రోజువారీ నడక ప్రణాళికను ఒక పేజీ ఉత్తరంగా పెట్టడం మామూలుగా చేసే పని. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, అంటే మీకు జనవరి నెలాఖరు నుంచే. రుసుము పెద్దలకు 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. వేసవి అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి.

ఇప్పుడు కాళ్లు. ‘మేము రోజూ గంట నడుస్తాం’ అని రాశారు. మంచిదే, కానీ ఆ గంట వేరు, వీపున ఏడు కిలోల సంచితో అయిదారు గంటలు నడిచి, మర్నాడు మళ్లీ లేచి నడవడం వేరు. కాలు ఓడిపోయేది రెండో రోజు. కాబట్టి సాధన కూడా జంట రోజులుగానే చేయాలి. మీకు ఇంటి ముందే చక్కని దారుంది. శనివారం ఆదోని నుంచి ఎమ్మిగనూరు, రాత్రి అక్కడ పడక, ఆదివారం ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం, తిరుగు ప్రయాణం బస్సులో. మొదటి రోజు ముప్పైకి కాస్త తక్కువ, రెండో రోజు ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. అచ్చంగా కమీనో కొలతే. తారు రోడ్డు పక్కన లారీల దుమ్ము తప్పదు, మట్టి అంచు పట్టుకుని నడవండి. ఎక్కడం దిగడం కోసం రణమండల కొండ మెట్లు సంచితో ఎక్కండి. దిగేటప్పుడే మోకాలికి పని.

శ్రీశైలం నడకదారి గురించి కూడా అడిగారు. ఆత్మకూరు పక్కన వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా పోయే ఆ అడవి దారి నిజంగా గొప్ప పరీక్ష. పులుల అభయారణ్యం కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు పోనివ్వరు, శివరాత్రికీ ఉగాదికీ తెరుస్తారు. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15, ఉగాది మార్చి 19. ఉగాదికి కర్ణాటక భక్తులు వేలల్లో మన జిల్లా మీదుగానే నడిచి వెళతారు, మీరు ఆదోనిలో చూస్తూనే ఉంటారు. వాళ్లతో కలిసి పోండి. భీమునికొలను దగ్గర రాతి మెట్లు దిగి మళ్లీ కైలాసద్వారానికి ఎక్కేటప్పుడు మీ బూట్ల నిజస్వరూపం తెలుస్తుంది. వాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో నడుస్తారు, అది చూసి రోషం తెచ్చుకోకండి. వాళ్ల అరికాళ్లు వేరు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మన ఎండలో పెద్ద నడకలు వద్దు, తెల్లవారుజామున రెండు గంటలు చాలు. జూన్‌లో మళ్లీ పెంచండి.

బూట్లు మామూలు కొలత కంటే అర సైజు పెద్దవి కొనండి, నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. ఇప్పుడే కొని ఇక్కడే అరగదీయాలి, విమానాశ్రయానికి కొత్త బూట్లతో పోకూడదు. నూలు మేజోళ్లు చెమట పీల్చి తడిగానే ఉండిపోతాయి, ఉన్నివో సింథటిక్‌వో కావాలి. అరికాలో మడమో ఎక్కడైనా చురుక్కుమంటే ‘తర్వాతి ఊళ్లో చూద్దాం’ అనుకోకండి. అక్కడే కూర్చుని బూటు విప్పి, తడి తుడిచి, ఆ చోట టేపు వేయండి. చురుకుకూ బొబ్బకూ మధ్య రెండు కిలోమీటర్ల దూరమే ఉంటుంది. సంచి బరువు మీ బరువులో పదో వంతు దాటకూడదు. రెండు జతల బట్టలు, ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. మెసేటా ఎండ మనకు లెక్కలోది కాదు, పగలు ముప్పై డిగ్రీల పైన, అప్పుడప్పుడు ముప్పై అయిదు. రాత్రి మాత్రం పన్నెండు, పదమూడుకు దిగుతుంది. గ్రహణం వేళ గట్టు మీద గాలి లేచి చలి పుడుతుంది కాబట్టి స్వెట్టర్ ఉండాలి. అక్కడ ఆగస్టులో ఉదయం ఏడు దాటాక గానీ తెల్లవారదు. చీకట్లోనే తలలైటుతో బయలుదేరితే మధ్యాహ్నానికి చేరిపోతారు. రెండింటి నుంచి అయిదింటి దాకా చిన్న ఊళ్లలో దుకాణాలు మూసేస్తారు.

శాకాహారులమన్నారు. గుడ్డు తింటే ఇబ్బందే లేదు, బంగాళాదుంప ఆమ్లెట్ ప్రతి కొట్లోనూ ఉంటుంది. తినకపోతే కాస్త కష్టమే. ‘కూరగాయల సలాడ్’ అని ఇచ్చిన దాని మీద ట్యూనా చేప ఉంటుంది, పప్పు వంటకంలో పంది మాంసం ముక్కలు తేలుతాయి. ‘సిన్ కార్నె, సిన్ అతూన్, సిన్ హమోన్’ అనే మాటలు కంఠస్థం చేయండి: మాంసం లేకుండా, ట్యూనా లేకుండా, పంది మాంసం లేకుండా. చాలా సత్రాల్లో వంటగది ఉంటుంది, బియ్యం, పప్పు దుకాణాల్లో దొరుకుతాయి. కందిపొడి, శనక్కాయల పొడి తీసుకెళ్లండి, ప్రాణం లేచి వస్తుంది. నెయ్యి, పాలకోవా వద్దు. పాల పదార్థాలనూ మాంసాన్నీ యూరప్‌లోకి బయటి నుంచి తేనివ్వరు.

గ్రహణం పూట ఏమి చేయాలో చెబుతాను. పాక్షిక గ్రహణం ఏడున్నర దాటాక మొదలవుతుంది. అప్పటి నుంచి ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణ అద్దాలు లేకుండా చూడకూడదు. సూర్యుడు కిందికి దిగి ఎర్రబడ్డాడు కదా అని మోసపోకండి, కంటికి హాయిగా అనిపించినా హాని హానే. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజులు, రెండు చలువ కళ్లద్దాలు ఒకదాని మీద ఒకటి, ఇవేవీ పనికిరావు. అద్దాలు నాలుగు తీసుకెళ్లండి, ఒకటి తప్పక పోతుంది, ఇంకొకటి పక్కన నిలబడ్డ వాళ్లెవరో అడుగుతారు. చివరి సూర్యబిందువు వజ్రపుటుంగరంలా మెరిసి ఆరిపోగానే అద్దాలు తీసేయండి. సంపూర్ణ దశలో అద్దాలతో చూస్తే నల్లటి చీకటి తప్ప ఏమీ కనబడదు, అంత దూరం పోయి అలా నిలబడిపోయిన వాళ్లున్నారు. నిమిషం నలభై సెకన్లలో నల్లటి బింబం చుట్టూ తెల్లటి కరోనా, అంచున ఎర్రటి జ్వాలలు చూడండి, తర్వాత ఒక్కసారి తల తిప్పి ఎడమ వైపు శుక్రుణ్ణి చూడండి, దిగంతమంతా చుట్టూ సాయంసంధ్య రంగు వేసుకుని ఉంటుంది. ఫోటోలు వద్దు. మీకంటే బాగా తీసేవాళ్లు వేలమంది ఉంటారు. మరీ కావాలంటే ఫోనును రాయి మీద పడమటి మైదానం కనబడేలా నిలబెట్టి, పది నిమిషాల ముందే వీడియో పెట్టి వదిలేయండి. నీడ రావడం, మీ గొంతులు, పక్కవాళ్ల కేకలు అందులో పడతాయి. రెండో వజ్రం మెరవగానే మళ్లీ అద్దాలు.

వెంటనే దిగకండి. గ్రహణం విడుస్తూ ఉండగానే సూర్యుడు దిగంతం వైపు దిగిపోతాడు, అది కూడా చూడదగ్గదే. ఆ రాత్రి అమావాస్య, పైగా పెర్సీడ్ ఉల్కలు ఎక్కువగా రాలేది ఆగస్టు 12, 13 రాత్రులే. దుప్పటి ఉంటే ఒక గంట గట్టు మీదే పడుకోవచ్చు. గది తాళం మీ దగ్గరే ఉంటుంది కాబట్టి తలుపుల బెంగ లేదు. దిగుడులో తలలైటు వేసుకుని, కర్రలు ఆనించి, నెమ్మదిగా.

మీ అత్తగారి మాటకు వద్దాం. స్పెయిన్‌లో గ్రహణం పట్టే సమయానికి ఆదోనిలో అర్ధరాత్రి పన్నెండవుతుంది. ఆ గ్రహణం మన దేశంలో కనిపించదు, కనిపించని చోట పట్టు విడుపులు పాటించే ఆచారం మన పంచాంగాల్లోనూ లేదు. కాబట్టి ఇంట్లో ఆవిడ నిశ్చింతగా నిద్రపోవచ్చు. మీ సంగతంటారా, గ్రహణం వేళ అన్ని గుళ్లూ మూసినా శ్రీకాళహస్తి తెరిచే ఉంటుందని ఆవిడకు తెలియకుండా ఉండదు, అక్కడి నుంచి మాట మొదలుపెట్టండి. విడుపు స్నానం చేస్తామని మాటివ్వండి, గట్టు దిగి వచ్చాక దుమ్ముకు ఎలాగూ చేయాలి. ఒప్పించే పని మాత్రం మీ వారికి వదిలేయండి, కొడుకు చెబితే ఒక మాట, కోడలు చెబితే ఒక మాట.

వీసా రాకనో సెలవు రద్దయో ఇది తప్పిపోతే 2027 ఆగస్టు 2న ఇంకొకటి ఉంది. స్పెయిన్ దక్షిణపు కొసన తరీఫాలో ఉదయం పదకొండు లోపే, నాలుగున్నర నిమిషాలకు పైగా. తరీఫా నుంచే జీఆర్ 7 అనే దూరపు నడకదారి మొదలవుతుంది. కానీ ఆగస్టులో ఆ లోపలి ప్రాంతం మన కర్నూలు మే నెలే, కార్చిచ్చు భయంతో కొన్ని అడవి దారులు మూస్తారు కూడా. అక్కడ తీరం వెంబడి నాలుగైదు రోజుల పొట్టి నడక పెట్టుకోవాలి. అదే గ్రహణం ఈజిప్టు లక్సర్ దగ్గర ఆరు నిమిషాలు దాటుతుంది, నడకకు మాత్రం అది చోటు కాదు. మన దేశంలోనే చూడాలంటే 2034 మార్చి 20న లద్దాఖ్ వైపు వెళ్లాలి. ఈసారికి కాస్త్రోహెరీస్ గదికి ఇవాళే ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే ఓర్నియోస్, ఒంతనాస్ గదుల వాళ్లతో స్పానిష్‌లో ఎలా మాట్లాడాలో ఇక్కడే అడగండి, వాక్యాలు రాసిస్తాను.